అద్దె ఇంటికి ఏది అండ: అడ్వాన్సా, అగ్రిమెంటా, ఇన్సూరెన్సా, ఊళ్లో మనిషా?

నాకు విజయనగరం కంటోన్మెంట్ వైపు రెండు వాటాలు, శ్రీకాకుళం బలగలో ఒక చిన్న డాబా ఇల్లు ఉన్నాయి. మూడూ అద్దెకిచ్చినవే. హుద్‌హుద్‌కి రెండేళ్ల ముందు మొదలుపెట్టాను. ఇల్లు ఖాళీ చేస్తూ గచ్చు కడిగి మరీ అప్పగించినవాళ్లనీ చూశాను, తాళం చెవి పక్కింట్లో పడేసి చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లనీ చూశాను. కొత్తగా ఇల్లు కొని అద్దెకిద్దామనుకునేవాళ్లు, ముఖ్యంగా భోగాపురం విమానాశ్రయాన్ని చూసి ఆ చుట్టుపక్కల కొంటున్నవాళ్లు, నన్ను మొదట అడిగేది "అడ్వాన్సు ఎన్ని నెలలు పట్టుకోమంటారు?" అని. అడ్వాన్సు గట్టిగా పట్టుకుంటే ఇంక టెన్షన్ లేదని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు. అడ్వాన్సు ఒక రకం నష్టానికే పనికొస్తుంది, అదీ పూర్తిగా కాదు. ఇన్సూరెన్సు ఇంకో రకానికి, అగ్రిమెంటు మరో రకానికి. అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేసే నష్టానికైతే ఈ మూడింటిలో ఏదీ పనికిరాదు.

## ముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, మీరు భయపడుతున్న నష్టం ఏది? నా అనుభవంలో అద్దె ఇంటికి నష్టం మూడు దారుల్లో వస్తుంది: నీళ్లు, గాలి, మనిషి. నీళ్లంటే చెమ్మ, శ్లాబు కారడం, బాత్‌రూమ్ వేస్ట్ పైపు లీకవడం, సెప్టిక్ ట్యాంకు నిండిపోవడం. ఇవి నెమ్మదిగా వస్తాయి, కనిపించేసరికి ముదిరిపోతాయి. గాలంటే మన జిల్లాలవాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస వైపు తిత్లీ, 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర గులాబ్. ఏడేళ్లలో మూడు పెద్ద తుపానులు చూసిన తీరం మనది. ఇక మనిషి సంగతి: అద్దె ఎగ్గొట్టడం, ఖాళీ చేయకపోవడం, వెళ్తూ వెళ్తూ కరెంటు బాకీ పెట్టిపోవడం.

రెండోది, మీరు ఎంత దూరంలో ఉన్నారు. ఇల్లు శ్రీకాకుళంలో, మనిషి హైదరాబాదులోనో, ఆర్మీ ఉద్యోగంలో ఎక్కడో సరిహద్దులోనో ఉండటం మన దగ్గర మామూలే. మూడోది, ఆ అద్దె మీదే ఇంటి లోను ఈఎంఐ నడుస్తోందా. అద్దె రెండు నెలలు ఆగితే ఏమీ కాని మనిషికి, రెండు నెలలు ఆగితే బ్యాంకు నుంచి ఫోన్ వచ్చే మనిషికి ఒకే సలహా పనిచేయదు. నాలుగోది, నష్టం జరిగాక డబ్బు ఎంత తొందరగా చేతికి రావాలి.

## ఒక్క చూపులో

| నష్టం | అడ్వాన్సు | అగ్రిమెంటు, విచారణ | ఇన్సూరెన్సు | ఊళ్లో మనిషి |
|---|---|---|---|---|
| తుపానుకి ట్యాంకు, రేకులు, కిటికీలు, గోడ పోవడం | పనికిరాదు | పనికిరాదు | ఇదే ఆధారం | వెంటనే ఫొటోలు తీయడానికి కావాలి |
| చెమ్మ, నెమ్మదిగా కారే లీకు | పనికిరాదు | కొద్దిగా | రాదు | ఇదే ఆధారం |
| అద్దె ఎగ్గొట్టడం | ఒకటి రెండు నెలల వరకు | ఇదే ఆధారం | రాదు | ముందుగా కబురు తెలుస్తుంది |
| విరిగిన సామాను, కరెంటు బాకీ | ఇదే ఆధారం | రుజువుగా పనికొస్తుంది | రాదనే అనుకోండి | అప్పగింతలో పక్కన ఉండాలి |
| ఖాళీ చేయనని మొండికేయడం | కొద్దిగా | ఇదే ఆధారం | రాదు | నచ్చజెప్పడానికి |

## అడ్వాన్సు ఎక్కువ తీసుకోవడం

సులువుగా కనిపించే దారి ఇది. డబ్బు మీ చేతిలోనే ఉంటుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. కానీ అది ఎలా కరిగిపోతుందో చూడండి. అద్దె 9,000, అడ్వాన్సు రెండు నెలలది 18,000 అనుకుందాం. ఖాళీ చేసే ముందు చాలామంది అనే మాట ఒకటుంది: "ఆఖరి రెండు నెలలూ అడ్వాన్సులో కొట్టేసుకోండి." మీరు మొహమాటానికి సరే అంటారు. వాళ్లు వెళ్లాక తలుపు తీస్తే వంటింటి సింకు కింద పలక విరిగి ఉంటుంది, రెండు కుళాయిలు ఊడి ఉంటాయి, కరెంటు బిల్లు రెండు నెలలది కట్టి ఉండదు. మీ దగ్గర మిగిలిన అడ్వాన్సు సున్నా. కాబట్టి అడ్వాన్సు ఎంత అన్నదానికంటే ఆఖరి నెల అద్దెలో దాన్ని కొట్టనివ్వకపోవడం ముఖ్యం. ఆ వాక్యం అగ్రిమెంటులో ఉండాలి, ఇల్లు చూపించిన రోజునే నోటితో కూడా చెప్పాలి.

ఆరు నెలలు అడిగితే? మన ఊళ్లలో మంచి ఉద్యోగం ఉన్న కుటుంబాలు పక్క వీధిలో రెండు నెలలకే దొరికే ఇంటికి వెళ్లిపోతాయి. ఎంతైనా ఇస్తామని ముందుకొచ్చేది మిగతా చోట్ల ఇల్లు దొరకనివాళ్లు. వాళ్లందరూ చెడ్డవాళ్లని కాదు, ఎందుకు దొరకలేదో కనుక్కోకుండా డబ్బు చూసి తాళం ఇవ్వకండి. కేంద్రం 2021లో రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చిన మోడల్ టెనెన్సీ (అద్దె) చట్టం కూడా ఇంటికి రెండు నెలలు, దుకాణానికి ఆరు నెలల అడ్వాన్సు మించకూడదంటుంది. నేను రెండు నెలల దగ్గరే ఆగాను, దాని వల్ల ఎప్పుడూ నష్టపోలేదు.

## అగ్రిమెంటు, ముందు విచారణ

అందరూ 11 నెలలకే ఎందుకు రాస్తారో తెలుసుకోండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూల పాఠం ప్రకారం ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి 11 నెలలు రాయడం అలవాటైంది; మన రాష్ట్రంలో మాత్రం 1999 సవరణతో ఎన్ని నెలల లీజైనా రిజిస్ట్రేషన్ కిందికే వస్తుంది. అయినా ఇంటికి చాలామంది 11 నెలల కాగితంతోనే సరిపెట్టుకుంటారు. దుకాణానికో, కంపెనీ గెస్ట్‌హౌస్‌కో మూడేళ్లకు ఇస్తుంటే మాత్రం రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని మూడేళ్ల కాగితం కోర్టులో మీకు అక్కరకు వచ్చే రోజున చేయి ఇస్తుంది.

1882 ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108 ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పగించాలి, మామూలు అరుగుదల, మనిషి చేతిలో లేని ప్రకృతి నష్టం పోను. ఈ "ఎలా ఉందో" అన్నదే తగాదా అంతటికీ మూలం. ఎలా ఉందో మీరు రాసి పెట్టుకోలేదు, వాళ్లూ రాసి పెట్టుకోలేదు. గోడకి మేకులు కొట్టిన కన్నాలు, నాలుగేళ్లకి రంగు వెలిసిపోవడం అరుగుదలే, దానికి డబ్బు కోయడం న్యాయం కాదు. తలుపు పలక పగిలితే అది అరుగుదల కాదు.

అదే సెక్షన్‌లో ఇంటి యజమానులు చదవని ముక్క ఒకటుంది. మీరు చేయించాల్సిన మరమ్మతు, అద్దెదారు తెలియజేసినా సరైన సమయంలో చేయించకపోతే, వాళ్లే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. అలా చేసినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి.

విచారణ అంటే ఆధార్ జెరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టుకోవడం కాదు. పని చేసే చోటికి ఒక ఫోన్, ఇంతకు ముందున్న ఇంటి యజమానికి ఒక ఫోన్. ఇప్పుడు ఉంటున్న ఇంటి యజమాని వాళ్లని పంపించేయాలనుకుంటే బంగారం లాంటి మనుషులనే చెప్తాడు, అందుకే అంతకు ముందు ఉన్న ఇంటివాళ్లని అడగండి. పోలీస్ స్టేషన్లో అద్దెదారు వివరాలు ఇచ్చి ఉంచండి, ముఖ్యంగా వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకు ఇస్తున్నప్పుడు. వాళ్లని అనుమానించడానికి కాదు, రేపు ఏదైనా జరిగితే ఇద్దరికీ రుజువు ఉంటుందని.

దీని బలహీనత, టైము. కాగితం ఎంత గట్టిదైనా, మొండికేసిన మనిషిని ఖాళీ చేయించడానికి నోటీసు, కోర్టు, వాయిదాలు తప్పవు. ఆ కోపంలో నీళ్లు ఆపడం, కరెంటు తీసేయడం, లేనప్పుడు తాళం వేసేయడం చేయకండి. చట్టం ఒప్పుకోదు. బలవంతంగా బయటికి పంపిన మనిషి ఆరు నెలల్లోపు 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద కేసు వేసి తిరిగి లోపలికి రావచ్చు. న్యాయం మీవైపున్న తగాదాలో మీరే ముద్దాయి అయిపోతారు.

ఇంకొకటి, తేదీ చూసుకుని రాయించండి. మన దగ్గర ఆషాఢంలో, మూఢంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ. 11 నెలలు సరిగ్గా ఆషాఢం మొదట్లో ముగిసేలా రాసుకుంటే శ్రావణం దాకా ఇల్లు ఖాళీగా పడి ఉంటుంది, ఒక నెల అద్దె ఊరికే పోయినట్టే. వచ్చేపోయే చుట్టాల మీద షరతులు రాసేటప్పుడు కూడా కాస్త మనసు పెట్టండి. విజయనగరంలో సిరిమానోత్సవానికి ఏ ఇంట్లో చూసినా పాతిక మంది బంధువులు ఉంటారు, దానికి గొణిగితే మంచి కుటుంబం పోతుంది.

## ఇన్సూరెన్సు

హుద్‌హుద్ నాటికి నాకు పాలసీ లేదు. ఆ ఆదివారం డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు లేచి పక్కింటి రేకుల షెడ్డు మీద పడింది, మా మెట్ల గది పైకప్పు ఎగిరిపోయింది, పై వాటా కిటికీ అద్దాలు ఒక్కటీ మిగల్లేదు. వారాల తరబడి కరెంటు, నీళ్లు లేక అద్దెదార్లు ఊరికి వెళ్లిపోయారు, అద్దె అడగడానికి నాకు నోరు రాలేదు. అన్నీ కలిపి 60,000 దాటింది, అంతా చేతి డబ్బే. ఒకవేళ నాలుగు నెలల అడ్వాన్సు పట్టుకుని ఉండి ఉంటే కూడా ఆ రోజు దానితో ఒక్క అద్దం కొనడానికి నాకు హక్కు లేదు, అది అద్దెదారు చేసిన నష్టం కాదు కదా.

2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పిన ప్రకారం సాధారణ బీమా కంపెనీలు అమ్ముతున్న పాలసీ భారత్ గృహ రక్ష. మాటలు అన్ని కంపెనీల్లో ఒకటే, ప్రీమియం తేడా. అగ్ని ప్రమాదం, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు, ట్యాంకో పైపో హఠాత్తుగా పగలడం ఇందులోకి వస్తాయి. బీమా మొత్తం స్థలం విలువ మీద కాదు, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు మీద. 900 చదరపు అడుగులు, అడుగుకి 2,000 కట్టుబడి అనుకుంటే 18 లక్షలు. సెంటు రేటు పెరిగిందని బీమా మొత్తం పెంచక్కర్లేదు. ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోతే ఆ రోజుల అద్దె నష్టం కూడా ఇందులో ఉంటుంది, ఇది ఈఎంఐ ఉన్నవాళ్లకు పెద్ద ఊరట. ప్రీమియం నాకు ఒక వాటా నెల అద్దెలో సగం కూడా కాదు, ఏడాదికి.

రానివి కూడా చెప్పాలి. నెమ్మదిగా పట్టిన చెమ్మ రాదు, పాతబడి పెచ్చులూడిన శ్లాబు రాదు, అద్దెదారు ఎగ్గొట్టిన అద్దె రాదు. మీ పాలసీలో అద్దెదారు టీవీ, బీరువా ఉండవు, ఆ సంగతి వాళ్లకి ముందే చెప్పండి. ఇంటి లోను ఇచ్చినప్పుడు బ్యాంకు చేయించిన పాలసీ ఉంటే అది దేనికి ఎంత ఉందో కాగితం తీసి చూడండి, లోను మొత్తానికే చేయించి ఉండొచ్చు.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. గులాబ్ వానకి బలగ ఇంటి పిట్టగోడ ఒక వైపు కూలింది. వీధిలోకి రాళ్లు పడుతున్నాయని కంగారుపడి, నష్టం లెక్కగట్టడానికి బీమా కంపెనీ పంపే సర్వేయరు రాకముందే మేస్త్రీని పెట్టి కట్టించేశాను. సరైన ఫొటోలు కూడా తీయలేదు. క్లెయిము చాలా తగ్గించి ఇచ్చారు. కంపెనీ తప్పు లేదు, చూపించడానికి నా దగ్గర కూలిన గోడ లేదు. ప్రమాదంగా ఉన్నది పక్కకు తీయించండి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి, కంపెనీకి ఫోన్ చేయండి, ఆ తర్వాతే కట్టుబడి.

## ఊళ్లో మనిషి, తొందరగా మరమ్మతు

దీనిని ఎవరూ రిస్కు తగ్గించే దారిగా లెక్కలో వేసుకోరు. నేను మాత్రం దీన్నే ముందు పెడతాను.

విజయనగరం పై వాటాలో ఒక టీచరు కుటుంబం ఉండేది. చాలా మంచివాళ్లు. జూన్‌లో వాళ్ల పడకగది గోడ మీద, బీరువా వెనక, అన్నం పళ్లెం అంత చెమ్మ మచ్చ వచ్చింది. గోడకి అటువైపు బాత్‌రూమ్. నాకు చెప్పలేదు. అక్టోబర్లో ఏదో పని మీద వెళ్తే గదిలో బూజు వాసన, బీరువా జరిపితే గోడ నడుం ఎత్తు దాకా నల్లగా ఉంది, వేలితో నొక్కితే ప్లాస్టరు పొడిపొడిగా రాలింది, కింద వాటా సీలింగు పెచ్చులూడి లోపల ఇనుము తుప్పు పట్టి కనిపిస్తోంది. వేస్ట్ పైపు జాయింటు దగ్గర సన్నటి లీకు, అంతే. జూన్‌లో అయితే ప్లంబరుకి ఒక పూట పని, కూలీ, సామానూ కలిపి 500. అక్టోబర్లో 38,000 అయింది. "ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను. "కిందటిసారి కుళాయి గురించి చెప్తే విసుక్కున్నారు కదండీ, మళ్లీ ఎందుకులే అని ఊరుకున్నాం" అంది ఆవిడ. నిజమే, విసుక్కున్నాను. ఆ విసుగు ఖరీదు 37,500.

అప్పటినుంచి మూడు ఇళ్లకీ ఒకటే మాట: నీటి బొట్టు ఎక్కడ కనిపించినా అదే రోజు వాట్సాప్‌లో ఫొటో పెట్టండి, రెండు రోజుల్లో మనిషి వస్తాడు, మీకు ఒక్క రూపాయి పడదు. శ్రీకాకుళంలో ఇంటికి దగ్గర్లోనే ఉండే ఒక రిటైరైన ఆయన్ని మాట్లాడుకున్నాను, నెలకి కొంత ఇస్తాను, మూడు నెలలకోసారి ఇల్లు చూసి వస్తాడు. అద్దెదారుకి ముందు రోజు ఫోన్ చేసి, వాళ్లకి వీలైన టైముకే వెళ్తాడు. దీని ఇబ్బంది ఏమిటంటే మనిషి దొరకడమే. బంధువుని పెడితే అద్దె వసూలు దగ్గర మొహమాటాలు వస్తాయి, అందుకే అద్దె మాత్రం నేరుగా నా ఖాతాకే, ఆయన చేతికి కాదు.

ఆదాయపు పన్నులో అద్దె మీద 30 శాతం మినహాయింపు మరమ్మతు చేయించినా చేయించకపోయినా ఒకటే ఇస్తారు, బిల్లులు చూపించి ఎక్కువ అడగడానికి లేదు. అంటే మరమ్మతు వాయిదా వేసి పన్నులో మిగిలేది ఏమీ లేదు.

## మీరు ఏ రకం?

అదే ఊళ్లో ఉండి, కింద మీరు పైన అద్దెదారు. రెండు నెలల అడ్వాన్సు, 11 నెలల కాగితం, తుపాను పాలసీ. మనిషిని పెట్టక్కర్లేదు, మీరే ఆ మనిషి. మీ ప్రమాదం మొహమాటం. అద్దె ఒక నెల ఆగినప్పుడే అడగండి, మూడు నెలలయ్యాక అడిగితే అవతలివాళ్లకి తీర్చే శక్తి ఉండదు.

దూరంలో ఉన్నవాళ్లు. ముందు మనిషి, తర్వాత ఇన్సూరెన్సు, తర్వాతే అడ్వాన్సు. అద్దె 500 తక్కువైనా స్థిరంగా ఉండే కుటుంబానికి ఇవ్వండి. ఇల్లు తరచూ ఖాళీ అయ్యేకొద్దీ మీకు రైలు ఖర్చు, రంగుల ఖర్చు, బ్రోకరు ఖర్చు.

ఈఎంఐ నడుస్తున్నవాళ్లు. విచారణ మీద ఎక్కువ శ్రమ పెట్టండి, జీతం బ్యాంకులో పడేవాళ్లని చూడండి. మూడు నెలల ఈఎంఐ పక్కన లేకుండా మొదటి ఇల్లు అద్దెకు పెట్టడం నేను ఒప్పుకోను, ఆ డబ్బు కూడబెట్టాకే కొనండి.

చదువుకునే పిల్లలకు, కంపెనీ వర్కర్లకు ఇచ్చేవాళ్లు. చింతలవలస, ఎచ్చెర్ల, రాజాం వైపు కాలేజీ పిల్లలు, పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీ మనుషులు. అద్దె ఎక్కువొస్తుంది, అరుగుదలా ఎక్కువే. కంపెనీ పేరు మీద తీసుకుంటే అద్దె ఆగదు, కానీ నలుగురికని చెప్పిన రెండు గదుల్లో తొమ్మిది మంది ఉంటారు, నలుగురికి కట్టిన సెప్టిక్ ట్యాంకు ఏడాదికి రెండుసార్లు పొంగుతుంది. ఎంతమంది ఉండాలో అంకె వేసి రాయండి, ట్యాంకు తోడించే ఖర్చు ఎవరిదో రాయండి. పిల్లలకిస్తే ఒక్కరి పేరు మీద కాకుండా అందరి సంతకాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు తీసుకోండి. బ్యాచిలర్లంటే భయపడేవాళ్లకి ఒక మాట: నా ఇల్లు అందరికంటే శుభ్రంగా అప్పగించింది ముగ్గురు నర్సింగ్ అమ్మాయిలు.

## తాళం ఇచ్చే రోజు

ఏ దారి ఎంచుకున్నా ఈ ఒక్క గంట పని మానకండి. అద్దెదారుతో కలిసి గది గదికీ తిరుగుతూ ఫోన్‌లో వీడియో తీయండి, మాట్లాడుతూ తీయండి: "ఇది పడకగది, కిటికీ రెండో రెక్క గడియ లేదు, వేయించి ఇస్తాను." కుళాయిలన్నీ తిప్పండి, ఫ్లష్ నొక్కండి, ఫ్యాన్లు వేయండి. కరెంటు మీటరు దగ్గర ఆగి సర్వీసు నంబరు, రీడింగు కనిపించేలా తీయండి, ఎందుకంటే కట్టని బిల్లు ఆ సర్వీసు మీదే, అంటే మీ నెత్తి మీదే ఉంటుంది. తీసిన వీడియో అక్కడే అద్దెదారు వాట్సాప్‌కి పంపండి, ఇద్దరి దగ్గరా ఒకటే ఉండాలి. ఖాళీ చేసే రోజు అదే వీడియో పెట్టుకుని అదే వరుసలో తిరగండి. తగ్గించేది ఉంటే అంకెలు కాగితం మీద వేసి చూపించి, మిగతా అడ్వాన్సు ఆ పూటే ఇచ్చేయండి.

సెప్టెంబరు మొదటి వారంలో, అద్దెదారు ఉన్నా లేకపోయినా, ఒకసారి డాబా ఎక్కండి. ట్యాంకు సగమైనా నిండి ఉందా, ఇనప పట్టీతో దిమ్మకి బిగించి ఉందా, వాన నీళ్లు పోయే గొట్టం మూతిలో ఆకులు ఇరుక్కున్నాయా, రేకుల హుక్కులు వదులయ్యాయా చూసి, మేస్త్రీని అప్పుడే పిలవండి. తుపాను హెచ్చరిక వచ్చాక పిలిస్తే ఊళ్లో ఏ మేస్త్రీ ఖాళీగా ఉండడు.